లెఫ్ట్ బ్యాక్ బదిలీ

మైలపల్లి ఎల్లాజీకి సన్మానం చెయ్యాలని ఎవరికీ బుద్ధి పుట్టకపోతే ఈ గొడవంతా జరిగేదే కాదు. అంతవరకూ అతను తన మానాన తను ఉప్పు కంపెనీ ఫుట్‌బాల్ జట్టులో, గోలుకి ఎడమ పక్కన లెఫ్ట్ బ్యాక్‌గా నిలబడి, వచ్చిన బంతిని వచ్చిన దారినే వెనక్కి పంపిస్తూ సుఖంగా ఉన్నాడు. పదిహేడేళ్ళుగా అదే జట్టు, అదే చొక్కా, మైదానంలో అదే మూల. పరుగులో అతన్ని మించినవాళ్ళు వచ్చారు, పోయారు. అతన్ని దాటుకెళ్ళి గోలు కొట్టినవాళ్ళు మాత్రం బహు తక్కువ. వాళ్ళు ఆ సంగతి పెళ్ళిళ్ళలో కూడా చెప్పుకునేవాళ్ళు.

ఉప్పు కంపెనీ అంటే కంపెనీ కాదు, తూర్పు తీర లవణ సంస్థ అనే సర్కారీ సంస్థ. అంత పేరుకు రేవుపాలెం జనానికి నోరు తిరగదు, తీరికా ఉండదు. అందులో ఆటగాళ్ళంతా ఉద్యోగులే. వెనకటికెప్పుడో జట్టు పెట్టాలనుకుని, ఆడేవాళ్ళను గుమస్తాలుగా తీసుకుంటామని ప్రతిపాదన పంపితే, గుమస్తాలు ఇప్పటికే ఎక్కువయ్యారు, కొత్త పనికి కొత్త పేరుతో పోస్టు అడగండి అని ఆర్థిక శాఖ తిరగ్గొట్టింది. సంస్థ అక్షరాలా అలాగే చేసింది. గోల్‌కీపర్ ఒకటి, సెంటర్ ఫార్వర్డ్ ఒకటి, లెఫ్ట్ బ్యాక్ ఒకటి అని రాసి పంపితే అన్నీ మారు మాట్లాడకుండా మంజూరయ్యాయి. అప్పటినుంచీ సిబ్బంది జాబితాలో లారీ డ్రైవరుకీ లైన్‌మన్‌కీ మధ్య ‘లెఫ్ట్ బ్యాక్, గ్రేడ్ టూ’ అనే పోస్టు ఒకటి ఉంది. అందులో ఎల్లాజీ ఉన్నాడు.

ఆ ఏడాది సంస్థకు కొత్త మేనేజింగ్ డైరెక్టరు వచ్చాడు. వచ్చిన వారంలోనే రెండో గోడౌనులో ఉప్పు తగ్గిందని తేలింది. ఏమైందని అడిగితే వానకు కరిగిపోయిందని స్టోర్‌కీపర్ చెప్పాడు. అది రోహిణీ కార్తె. స్టోర్‌కీపర్ ఆ సీటులో కూర్చుని తొమ్మిదేళ్ళయిందని తెలిసి ఎం.డి. గారు తల పంకించారు. మనిషి చెడ్డవాడు కాదనీ, ఒకే సీటులో ఉండడం వల్లే చెడ్డవాడవుతాడనీ ఆయనకు ఆ క్షణంలో బోధపడింది. సాయంత్రానికల్లా ‘చలనశీల సిబ్బంది విధానం’ తయారైంది. ఏ ఉద్యోగీ ఒకే పోస్టులో మూడేళ్ళు మించి ఉండరాదు. ఒకే యూనిట్‌లో పదిహేనేళ్ళు దాటినవారు ఆ యూనిట్‌లోనే ఉండరాదు. ‘కదిలే ఉద్యోగి, ఎదిగే సంస్థ’ అని గోడలన్నిటి మీదా రాయించారు. రాసిన పెయింటరు కూడా పాతకాపే గనక, రాయడం పూర్తి కాకముందే అతన్ని పంపుల విభాగానికి మార్చారు. అందువల్ల వెనక గోడ మీద ‘కదిలే ఉద్యోగి, ఎది’ దగ్గరే ఆగిపోయింది.

ఈ విధానాన్ని అమలు చెయ్యాల్సింది పరిపాలనాధికారి వేదుల సోమయాజులు. ఆయన కూడా ఆ సీటులో ఆరేళ్ళ నుంచీ ఉన్నాడు. నిబంధన అందరికీ ఒకటేనని నమ్మిన మనిషి కనక, ఒక ఉదయం తన బల్లను గదిలో తూర్పు గోడ దగ్గర్నుంచి పడమటి గోడ దగ్గరికి జరిపించి, తన దగ్గర్నుంచి తనే చార్జి తీసుకుని, ఇద్దరి తరఫునా సంతకాలు పెట్టాడు.

ఇవేవీ మైదానం దాకా రాలేదు. ఎల్లాజీకి ముప్పై ఎనిమిదేళ్ళు. కుడి మోకాలు మెట్లెక్కేటప్పుడు కలుక్కుమంటోంది. ఆ సీజను ఆఖరి ఆటతో ఆపేస్తానని కోచ్ డేవిడ్ మాస్టారికి చెప్పాడు. ఆఖరి ఆట అంటే ఫైనల్, సంచుల కంపెనీతో. అది ఉప్పు కంపెనీకి అనుబంధ యూనిట్. ఊరికి ఆ చివర ఉప్పు కోసం గోనెసంచులు కుడుతుంది. రెండు యూనిట్లకూ జీతాలిచ్చేది ఒకే ఆఫీసు. మైదానంలో మాత్రం వాళ్ళకీ వీళ్ళకీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఎల్లాజీకి మిగిలిన కోరిక ఒక్కటే. సంచులవాళ్ళ మీద ఆ ఒక్క ఆట ఆడి, ఉప్పు కంపెనీ చొక్కా ఒంటి మీద ఉండగానే మైదానంలోంచి బయటికి నడవాలి. తర్వాత ఏ గేటు దగ్గర కూర్చోబెట్టినా సరే.

“ఇన్నేళ్ళాడేవు. నిన్ను ఊరికే పంపిస్తే కంపెనీకి మర్యాద కాదురా,” అన్నాడు డేవిడ్ మాస్టారు. సన్మానం ఆలోచన ఆయనదే. పాపం, మంచికే అనుకున్నాడు.

సన్మానం ఆఫీసు హాల్లో జరిగింది. ఎల్లాజీ భార్య దేముడమ్మ ముందు వరసలో కూర్చుంది. సోమయాజులు సన్మానపత్రం చదివాడు. ఆయనది మంచి కంఠం. “కలకత్తా నుంచి, గోవా నుంచి పెద్ద పెద్ద క్లబ్బులు రమ్మని పిలిచినా పోక, పదిహేడు సంవత్సరములుగా ఒకే సంస్థలో, ఒకే స్థానములో, చెక్కు చెదరక...” అనేసరికి చప్పట్లు కొడుతున్న ఎం.డి. గారి చేతులు ఆగిపోయాయి.

“ఎన్నేళ్ళన్నారు?” అని అడిగారాయన, పక్కకు వంగి. మైకు పక్కనే ఉంది గనక అందరికీ వినిపించింది.

“పదిహేడు సార్.”

“ఏ సీట్లో?”

“లెఫ్ట్ బ్యాక్ సార్. గ్రేడ్ టూ.”

అప్పటికి శాలువా ఎల్లాజీ ఒక భుజం మీద పడింది. రెండో భుజం మీదికి లాగాలో వద్దో తేల్చుకోలేక ఎం.డి. గారు కాసేపు అలాగే పట్టుకున్నారు. చివరికి అక్కడే వదిలేసి మైకు అందుకున్నారు. “విశ్వాసం ఒక సద్గుణం. సంస్థ దానిని గుర్తిస్తుంది, గౌరవిస్తుంది. అయితే మూడేళ్ళు దాటిన విశ్వాసం పరిశీలనార్హమైన అంశం అవుతుందని ఈ సందర్భంగా మనవి చేస్తున్నాను,” అన్నారు. జనం అలవాటు ప్రకారం చప్పట్లు కొట్టారు. దేముడమ్మ కూడా కొట్టింది. పూలదండ ఎల్లాజీ మెడలో ఉండగానే మెమో అతని చేతిలోకి వచ్చింది.

విచారణాధికారిగా సోమయాజుల్నే వేశారు. ఆయన మర్నాడు మైదానానికి వెళ్ళి, ఎల్లాజీ నిలబడే చోటును పరిశీలించాడు. మిగతా చోట్ల గడ్డి ఏపుగా ఉంది. అక్కడ మాత్రం అరిగిపోయి ఎర్రమన్ను కనిపిస్తోంది. ‘సదరు ఉద్యోగి ఈ స్థలంలో వేళ్ళూనుకున్నట్టు ప్రత్యక్ష ఆధారం లభించింది’ అని రాసుకున్నాడు. తర్వాత ఎల్లాజీని చెట్టు నీడలో కూర్చోబెట్టి ప్రశ్నలు వేశాడు.

“కలకత్తా క్లబ్బువాళ్ళు ఇక్కడికంటే బాగా ఇస్తామన్నారా లేదా?”

“అన్నారు బావూ.”

“అయినా వెళ్ళలేదు.”

“ఎల్లలేదండి.”

“ఎక్కువ వచ్చేచోటికి వెళ్ళలేదంటే, ఇక్కడ అంతకంటే ఎక్కువేదో వస్తోందని అనుకోవాల్సి వస్తుంది. ఏం వస్తోంది, ఎల్లాజీ?”

ఎల్లాజీ నిజాయితీగా ఆలోచించాడు. ఆ ప్రశ్న ఇంతవరకూ అతన్నెవరూ అడగలేదు. “ఏటొచ్చిందండీ... బంతి తన్నీసినప్పుడు మావోళ్ళు నా పేరెట్టి అరుస్తారు. కలకత్తాలో నా పేరు ఆళ్ళకేటి తెలుసు బావూ? అందుకే ఉండిపోనాను.”

సోమయాజులు కలం ఒక్క క్షణం ఆగింది. ఆయనేమీ రాయి కాదు. కానీ కలం పట్టుకున్నప్పుడు ఆయనకు ఒకే రకం వాక్యాలు వస్తాయి. ‘స్థానికులతో సన్నిహిత సంబంధాలు ఏర్పరచుకున్నట్టు, అదే తన కొనసాగింపునకు కారణమని ఉద్యోగి స్వయంగా అంగీకరించాడు’ అని రాసి, చదివి వినిపించి, సంతకం పెట్టించుకున్నాడు. ఎల్లాజీకి అందులో తప్పేమీ కనపడలేదు.

ఆ సాయంత్రం దేముడమ్మ చేపలు తోముతూ సంగతంతా వింది. ఆవిడ గట్టి మనిషి. మొగుడు బంతి తన్నడం ఉద్యోగమే అని పుట్టింటివాళ్ళను నమ్మించడానికి ఆవిడకు మొదటి రెండేళ్ళూ పట్టింది.

“ఒకే సీట్ల మూడేళ్ళకి మించి ఉంటే సెడిపోతారంటన్నారా?” అంది.

“అంటన్నారు.”

“మరి నాను ఈ ఇంట్ల పదారేళ్ళ నుండి ఉన్నాను గదా. నన్ను ఏ యూనిట్‌కి ఏస్తారో రేపెల్లి అడిగి రా.”

ఎల్లాజీ నవ్వలేదు. “ఆ ఒక్క ఆటా ఆడనిస్తే సాలునే. మరేటీ అడగను,” అన్నాడు. దేముడమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి, అతని మోకాలికి కొబ్బరినూనె రాసింది. అంతకంటే చెయ్యగలిగింది లేదు.

బదిలీల కౌన్సెలింగు శనివారం పెట్టారు. గ్రేడ్ టూ పోస్టులన్నీ ఒకే జాబితాలో ఉన్నాయి గనక, గ్రేడ్ టూ వాళ్ళందరూ ఏ పోస్టయినా కోరుకోవచ్చని సోమయాజులు ప్రకటించాడు. హాల్లో కలకలం మొదలైంది. బంతిని టీవీలో తప్ప చూడనివాళ్ళు కూడా మైదానం పటం ముందు నిలబడి, ఎక్కడ ఎండ తక్కువ అని ఒకళ్ళనొకళ్ళు అడిగారు. క్యాంటీన్ సూపర్‌వైజర్ గురుమూర్తి లెఫ్ట్ బ్యాక్ కోరుకున్నాడు. సాయంత్రం పూట పెవిలియన్ నీడ ఆ మూలకే పడుతుంది. ల్యాబ్‌లో పనిచేసే ఒకాయన, తన భార్య రెండో గోడౌనులో ఉద్యోగి గనక దంపతుల కోటాలో ఆ గోడౌను వైపున్న గోలుపోస్టు కావాలన్నాడు. విరామం తర్వాత జట్లు వైపులు మారతాయని డేవిడ్ మాస్టారు చెబితే, అలా మాటిమాటికీ మార్చడం విధానానికి అనుగుణంగానే ఉందని సోమయాజులు సంతోషించాడు. జట్టుకు గోల్‌కీపర్‌గా ఉన్న నీలయ్య ఎటూ తేల్చుకోలేక చివరిదాకా కూర్చుంటే సెంటర్ ఫార్వర్డ్ ఒక్కటే మిగిలింది.

“సార్, ఈయన చేతుల్తో ఆడేవాడు. కాలితో ఎలా కొడతాడు సార్?” అన్నాడు డేవిడ్ మాస్టారు.

“ఒకే అవయవం మీద ఆధారపడడం కూడా ఒక రకం స్థిరపడడమే మాస్టారూ.”

ఎల్లాజీ వంతు వచ్చింది. అతను పెద్ద ఆశేమీ పెట్టుకోలేదు. ఎడమ నుంచి కుడికి మారితే చాలనుకున్నాడు; చొక్కా అదే ఉంటుంది గదా. సోమయాజులు కళ్ళజోడు సర్దుకుని, పదిహేనేళ్ళు దాటినవాళ్ళ క్లాజు చదివాడు. ఎల్లాజీకి ఈ యూనిట్‌లో ఏ పోస్టూ లేదు. సంస్థలో ఫుట్‌బాల్ పోస్టులున్న యూనిట్ ఇంకొక్కటే ఉంది. సంచుల కంపెనీ. అక్కడ లెఫ్ట్ బ్యాక్ ఖాళీగా ఉంది.

కుర్చీ కోసం వచ్చినవాళ్ళకు కూడా ఎల్లాజీ ముఖం చూడబుద్ధి కాలేదు.

“నానా బావూ? సంచులోళ్ళకా?” అన్నాడు ఎల్లాజీ. “ఆళ్ళ మీదే గదండీ నాను ఇన్నాళ్ళూ ఆడినాను.”

“అందుకే ఆ యూనిట్ పట్ల నీకు పక్షపాతం ఉండదని ఎం.డి. గారి అభిప్రాయం.”

ఉత్తర్వు అమలు తేదీ ఫైనల్ రోజే. ఆ రోజు మధ్యాహ్నం నుంచి బదిలీ అమల్లోకి వస్తుంది. ఆట మొదలయ్యేది కూడా మధ్యాహ్నమే. డేవిడ్ మాస్టారు ఎం.డి. గారి గది ముందు గంటల తరబడి కూర్చుని, ఒక్కరోజు వాయిదా వెయ్యమని బతిమాలాడు. ఎం.డి. గారు కఠినాత్ములు కారు. ఉద్యోగి బదిలీ అయిన రోజున పూర్వాహ్నం పాత యూనిట్‌కూ అపరాహ్నం కొత్త యూనిట్‌కూ పనిచేస్తాడు గదా, ఆటకూ అదే వర్తింపజేద్దాం అన్నారు. విరామానికి ముందుది పూర్వాహ్నం. తర్వాతది అపరాహ్నం. మొదటి సగం ఎల్లాజీ ఉప్పు కంపెనీకి ఆడతాడు. రెండో సగం సంచుల కంపెనీకి. మిగతా బదిలీలు కూడా విరామం నుంచే అమల్లోకి వస్తాయి. ఇంతకంటే మానవీయమైన పరిష్కారం ఉండదని ఆయనే అనుకున్నారు.

రాజీనామా చేసేస్తానన్నాడు ఎల్లాజీ ఇంటికొచ్చి. క్వార్టర్సు పోతుంది, ఉద్యోగం పోతుంది, చదువుకుంటున్న పిల్లలిద్దరి సంగతి తేలదు.

“ఇన్నాళ్ళూ జీతమిచ్చి ఆడిపించినోళ్ళు ఆ ఆఫీసోళ్ళే. కాయితం మీద ఏ పేరు రాస్తే మనకేటి? నీ కాళ్ళకి తెలుసు నువ్వెవరివో. ఎల్లి ఆడు,” అంది దేముడమ్మ. ఆ మాటకు అతను సరేనన్నాడు. కాళ్ళకు అన్నీ తెలియవని తర్వాత తేలింది.

ఫైనల్‌కు ఊరు ఊరంతా వచ్చింది. మొదటి సగం చూసినవాళ్ళు ఉప్పు కంపెనీ అంత బాగా ఆడడం ఎప్పుడూ చూడలేదన్నారు. కలిసి ఆడడం అదే ఆఖరని తెలిసినవాళ్ళు అలాగే ఆడతారు. ఎల్లాజీ ఆ మూలలో కోట కట్టినట్టు నిలబడ్డాడు. అతను కొట్టిన ఒక బంతి మైదానం మొత్తం దాటి వెళ్ళి ఫార్వర్డ్ కాలి దగ్గర పడింది. ఉప్పు కంపెనీకి గోలు. జనం ‘ఎల్లాజీ, ఎల్లాజీ’ అని గొంతులు పోయేలా అరిచారు. అతనికి ఒక క్షణం అంతా మామూలుగానే ఉన్నట్టు అనిపించింది.

విరామంలో సోమయాజులు బల్ల వేయించి చార్జి అప్పగింత జరిపించాడు. పెనాల్టీ ప్రాంతంలో ఎడమ భాగం, సున్నపు గీతతో సహా. కార్నర్ జెండా ఒకటి, కొంచెం వంగినది. గడ్డి, అక్కడక్కడా. గురుమూర్తి అన్నీ చూసుకుని, జెండా వంగి ఉన్న విషయం తను రాకముందు నుంచీ ఉన్నదేనని రాయించుకుని సంతకం పెట్టాడు. ఎల్లాజీ ఉప్పు కంపెనీ చొక్కా విప్పి, మడతపెట్టి, డేవిడ్ మాస్టారి చేతికిచ్చాడు. ఆయన అటు తిరిగిపోయాడు. సంచుల కంపెనీవాళ్ళిచ్చిన గోధుమరంగు చొక్కా భుజాల దగ్గర బిగుతుగా ఉంది. అది వేసుకుని ఎదుటి జట్టులోకి నడుస్తుంటే ఎల్లాజీకి ఊరందరి ముందూ ఒంటి మీద బట్టల్లేకుండా నడుస్తున్నట్టు సిగ్గేసింది.

రెండో సగంలో ఉప్పు కంపెనీ విధానానికి పూర్తిగా కట్టుబడి ఆడింది. గోల్‌కీపర్‌గా వచ్చిన ల్యాబ్ ఉద్యోగి విరామంలో వైపులు మారాయని మరిచి, భార్య ఉన్న గోడౌను వైపే నడిచాడు. అతన్ని వెనక్కి తెచ్చేలోగా ఒక గోలు పడింది. గురుమూర్తి బాధ్యతగా నీడలోనే నిలబడ్డాడు. బంతి ఎండలోంచి పోయింది. ఇంకో గోలు. ఉప్పు కంపెనీ గ్యాలరీలో జనం తిట్లు కూడా మరిచిపోయి కూర్చున్నారు.

ఎల్లాజీ దగ్గరికి పెద్దగా బంతే రాలేదు. రాకూడదని అతను మొక్కని దేవుడు లేడు. ఆట ముగియబోతుండగా నీలయ్య ఎలాగో బంతి సంపాదించాడు. అడ్డొచ్చినవాళ్ళు అతను నిజంగానే కాలితో కొడతాడని నమ్మకపోవడం వల్ల దారి వదిలేశారు. సంచుల గోల్‌కీపర్ ముందుకు పరిగెత్తి, తడబడి పడిపోయాడు. ఎదురుగా ఖాళీ గోలు, గీత దగ్గర ఎల్లాజీ ఒక్కడు. పన్నెండేళ్ళుగా ఎల్లాజీ వెనక గోలులో నిలబడి, అతని వీపు చూసి ఆడిన నీలయ్య, మొదటిసారి ముందు నుంచి అతని ముఖం చూశాడు. చూసి, కళ్ళు మూసుకుని తన్నాడు.

ఆ క్షణంలో తనేం ఆలోచించాడో ఎల్లాజీ తర్వాత ఎవరికీ చెప్పలేకపోయాడు. ఏమీ ఆలోచించలేదు గనక. గోలు గీత, వస్తున్న బంతి, ఎడమ కాలు. ఈ మూడూ కలిసినప్పుడు ఆ కాలు ఏం చెయ్యాలో పదిహేడేళ్ళుగా ఒకటే తెలుసు. గీత మీద పడుకుని బంతిని అడ్డుకుని, మైదానం అవతలికి తన్నేశాడు.

ఉప్పు కంపెనీ గ్యాలరీ మొత్తం లేచి ‘ఎల్లాజీ’ అని అరిచింది. అతను కూడా ఎప్పటిలాగే వాళ్ళ వైపు చెయ్యెత్తాడు. అప్పుడు అందరికీ ఒకేసారి గుర్తొచ్చింది. అరుపు మధ్యలో తెగిపోయింది. ఎత్తిన చెయ్యి ఎలా దించాలో ఎల్లాజీకి తెలియలేదు. ఈల వేసేదాకా అతని చెయ్యి అలాగే సగం గాలిలో ఉంది. సంచుల కంపెనీ గెలిచింది.

ఎం.డి. గారి ఆనందానికి అంతులేదు. ఒకే మనిషి, ఒకే రోజు, పాత యూనిట్‌లో కంటే కొత్త యూనిట్‌లో మెరుగైన ఫలితం ఇచ్చాడని, పూర్వాహ్నంలో గోలు కొట్టించినవాడు అపరాహ్నంలో గోలు ఆపాడని, దీన్ని మించిన రుజువు ఉండదని నివేదిక పంపారు. దాన్ని చదివి పైవాళ్ళు ముచ్చటపడి, ఇంత చలనశీలమైన అధికారి ఒకేచోట ఉండడం బాగుండదని ఆయన్ను వేరే సంస్థకు మార్చారు. ఆయన వెళ్ళిన వారానికి గోడల మీద నినాదాలకు సున్నం వేశారు.

ఎల్లాజీ మోకాలు ఆ ఆటతో పూర్తిగా చెడింది. ఇక ఆడేది లేదు. అయినా పోస్టు లెఫ్ట్ బ్యాకే గనక రోజూ సంచుల కంపెనీకి సైకిలు మీద వెళ్ళి, రిజిస్టర్లో సంతకం పెట్టి, బెంచీ మీద లెఫ్ట్ బ్యాక్‌గా కూర్చుని వస్తున్నాడు. వాళ్ళు చెడ్డగా ఏమీ చూడలేదు. గీత మీద పడుకుని బంతి ఆపుతున్న అతని ఫోటోను పెద్దది చేయించి ముందు గదిలో కట్టారు, కింద ‘మా ఎల్లాజీ’ అని రాయించి. ఉప్పు కంపెనీలో అతని ఫోటో ఒక్కటీ లేదు. రోజూ ఉండేవాడి ఫోటో తియ్యాలని ఎవరికి తోస్తుంది?

కొత్త ఎం.డి. నెమ్మదస్తుడు. పాత విధానం రద్దు చేశారని తెలియగానే ఎల్లాజీ తిరిగి వస్తానని అర్జీ పెట్టుకున్నాడు. సోమయాజులు అర్జీ చదివి, నొచ్చుకుంటూనే చెప్పాడు.

“కొత్త ఎం.డి. గారు ‘శాశ్వత స్థిరత్వ విధానం’ తెచ్చారయ్యా. ఎవరు ఎక్కడున్నారో రిటైరయ్యేదాకా అక్కడే ఉండాలి. నీ కథ విని ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. నీలాంటివాణ్ణి ఇంకెప్పుడూ ఎవరూ కదిలించకూడదని పట్టుబట్టి మరీ రాయించారు.”

“మరి నన్ను ఎనక్కి తేవచ్చు గదండీ?”

“అది కదిలించడం అవుతుంది.”

ఎల్లాజీ ఇంటికి వెళ్ళలేదు. సైకిలు తనంతట తనే తిరిగినట్టు ఉప్పు కంపెనీ మైదానానికి వెళ్ళింది. సాధన జరుగుతోంది. ఫైనల్ తర్వాత అతను అక్కడ అడుగుపెట్టడం అదే మొదలు. గ్యాలరీలో కూర్చున్న నలుగురూ చూసి తల తిప్పుకున్నారు. తప్పు అతనిది కాదని అందరికీ తెలుసు. కానీ ఆ బంతి ఆపింది ఆ కాలే గదా. అతను గోలు వెనక, సరుగుడు తోట అంచున నిలబడ్డాడు. కాసేపటికి ఒక బంతి గోలు మీదుగా తోటలోకి పోయింది. ఎల్లాజీ కుంటుకుంటూ వెళ్ళి, ఏరుకొచ్చి లోపలికి విసిరాడు. అందుకున్నవాడు ఆట కొనసాగించాడు.

మర్నాడూ వచ్చాడు. ఆ తర్వాత ప్రతి సాయంత్రమూ వచ్చాడు. సంచుల కంపెనీలో సంతకం అయ్యాక ఉప్పు కంపెనీ గోలు వెనక, ఎడమవైపున. స్థిరత్వ విధానం పుణ్యమా అని గురుమూర్తి ఇంకా లెఫ్ట్ బ్యాక్‌గానే ఉన్నాడు, అందువల్ల తోటలోకి బంతులు దండిగా పోయేవి. ఒక ఆదివారం ఆట మధ్యలో బంతి కంపల్లో పడితే, గ్యాలరీలోంచి ఎవరో “ఎల్లాజీ, బంతి” అని అరిచారు. తర్వాత ఇంకొకరు. ఇంటికి వెళ్ళి దేముడమ్మకు ఆ సంగతి రెండుసార్లు చెప్పాడు. ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని, అన్నం పెట్టింది.

ఆ ఏడాది వానాకాలంలో ఒక సాయంత్రం సోమయాజులు గొడుగు వేసుకుని గోలు వెనక్కి వచ్చాడు. చంకలో ఫైలు.

“ఎల్లాజీ, నీకో శుభవార్త. నిన్న ఎం.డి. గారు కారులో వెళ్తూ నిన్ను చూశారు. వానలో బంతులు ఏరుతున్నావు. అలాంటి అంకితభావానికి సంస్థ గుర్తింపు ఉండి తీరాలన్నారు. ‘బంతి సేకర్త, ఎడమ’ అని కొత్త పోస్టు మంజూరు చేయిస్తున్నారు. నీ పేరు మీదే.”

ఎల్లాజీ చేతిలో బంతి జారిపోయింది. సన్మానం నాడు గానీ, కౌన్సెలింగు నాడు గానీ అతను ఎవరి కాళ్ళూ పట్టుకోలేదు. ఇప్పుడు బురదలో వంగబోయాడు. సోమయాజులు కంగారుగా వెనక్కి జరిగాడు.

“వొద్దు బావూ. మీకు దణ్ణం పెడతాను, పోస్టు మాత్రం ఇవ్వొద్దు. పోస్టుంటేనే గదండీ బదిలీ. ఇక్కడ నాకు పేరు లేదు, గ్రేడు లేదు, అందుకే నన్నెవరూ ఏటీ సెయ్యలేకపోతన్నారు. ఇది కూడా తీసీకండి.”

సోమయాజులు జీవితంలో ఎన్నో అర్జీలు చూశాడు గానీ, పోస్టు వద్దనే అర్జీ ఆయన ఎరగడు. ఫైలు తెరిచి, కలం తీసి, కాగితం మీద చినుకులు పడుతుంటే మళ్ళీ మూసేశాడు.

“ఆయన సంతకం అయిపోయింది. రద్దు చెయ్యడం నా చేతుల్లో లేదు. నా బల్ల మీదినుంచి పైకి పంపడం ఒక్కటే నా చేతుల్లో ఉంది.”

“పంపకపోతే ఎన్నాళ్ళుంటాదండీ అక్కడ?”

సోమయాజులు ఫైలును గొడుగు కిందికి లాక్కున్నాడు.

“మా ఆఫీసులో ఎన్నాళ్ళున్నా ఎవరూ కదిలించనిది ఫైలొక్కటేనయ్యా,” అన్నాడు.